గద్ద కంటికి గాలిమర ఎందుకు కనిపించదు?

హనుమకొండ నుంచి ఒక ఉపాధ్యాయిని:
మా తమ్ముడు అనంతపురం జిల్లాలో గాలిమరల నిర్వహణ పనిలో ఉన్నాడు. సంక్రాంతి సెలవుల్లో వెళ్లినప్పుడు ఒక మర దగ్గరికి తీసుకెళ్లాడు. దాని కింద కంకర మీద గద్ద ఒకటి చచ్చిపడి ఉంది. ఎడమ రెక్క తెగి నాలుగడుగుల అవతల పడింది, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఇలాంటివి తెల్లారేసరికి కుక్కలు ఎత్తుకుపోతాయని, అందుకే లెక్కకు రావని వాడు చెప్పాడు. ఆకాశం నుంచి కోడిపిల్లను పసిగట్టే పక్షికి అంత పెద్ద మర ఎలా కనిపించలేదని బడి పిల్లలు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. దీన్ని ఆపే మార్గముందా? మన ఉత్తర తెలంగాణలో రేపు మరలు పెడితే ముందుగా ఏం చూడాలి?

కాజీపేట నుంచి ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు:
మేడమ్, దూరం నుంచి నెమ్మదిగా తిరుగుతున్నట్టు కనిపించినా, 50 మీటర్ల పొడవున్న మర రెక్క నిమిషానికి 15 చుట్లు తిరిగితే దాని కొస గంటకు సుమారు 280 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. పక్షి దగ్గరపడేకొద్దీ ఆ కదలిక దాని కంటిలో చెరిగిపోయి పలుచని పొరలా మారుతుందని, అందుకే అక్కడ ఖాళీ ఉందనుకుని దూసుకుపోతుందని పరిశోధకులు భావిస్తున్నారు. నార్వేలోని స్మోలా దీవిలో 4 మరలకు మూడు రెక్కల్లో ఒక్కదానికి నల్లరంగు వేసి చూశారు. రంగు వేయని పక్క మరలతో పోల్చితే అక్కడ పక్షుల మరణాలు 70 శాతానికి పైగా తగ్గాయని 2020లో ప్రచురించారు. నాలుగు మరల ఫలితమే కనుక దీన్ని అన్నిచోట్లకూ వర్తించే మందుగా నేను చెప్పను.

నాకు ఇంతకంటే నమ్మకం కలిగించింది స్పెయిన్‌లోని తరీఫా అనుభవం. అక్కడ మనుషులు కాపలా ఉండి, రాబందులు మర వైపు వస్తుంటే ఆ ఒక్క మరను కాసేపు ఆపించారు. రాబందుల మరణాలు సగానికి తగ్గాయి. తగ్గిన కరెంటు ఏడాది ఉత్పత్తిలో 0.07 శాతం మాత్రమే.

కాగజ్‌నగర్ నుంచి ఒక పక్షి పరిశీలకుడు:
అధ్యాపకుల మాటకు ఒకటి కలుపుతాను. రాబందు ఎగురుతూ నేలను వెతికేటప్పుడు తల వంచుతుంది. అప్పుడు దాని ముందున్న దారి దానికే కనబడదు. పైగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది కాబట్టి, ఒక పెద్ద పక్షి పోతే ఆ లోటు ఏళ్ల తరబడి పూడదు. మా ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడవు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకుని ఉన్న సంగతి 2013లో బయటపడింది. కొండవాలున లేచే గాలి మరకు ఎంత అనుకూలమో రాబందుకూ అంతే అనుకూలం, రెంటికీ కావలసింది అదే గాలి. కాబట్టి రంగు, కాపలా తర్వాతి మాటలు. అలాంటి గుట్టల దరిదాపుల్లో మర నిలబెట్టకూడదని ముందే తేల్చుకోవాలి.

నర్సంపేట నుంచి ఒక విశ్రాంత లైన్‌మన్:
అమ్మా, మర లేకపోయినా మన చెరువుల మీదుగా హైటెన్షన్ లైన్లు ఉన్నాయి. మసక చీకట్లో కొంగలు లావు తీగలను గమనించి పైకి లేస్తాయి, అన్నింటికంటే పైన ఉన్న సన్నని ఎర్త్ వైరుకు తగులుతాయి. ఆ వైరుకే గాలికి ఊగే మెరుపు బిళ్లలు తగిలిస్తే చాలావరకు తప్పించుకుంటాయి. మీ పిల్లలతో నెలకోసారి కట్ట మీద లైను కింద నడిచి, పడిన పక్షులను తేదీతో సహా రాయించండి. పొద్దున్నే, కుక్కలు తిరగకముందే వెళ్లాలి.