టెంపుల్ వంతెన ఖర్చు ఎవరు పెట్టుకోవాలి: పడవల వాళ్లా, నడిచేవాళ్లా?

రీడింగ్ నడక:
ఇంగ్లండ్‌లో థేమ్స్ ఒడ్డున మార్లో ఊరి నుంచి హర్లీకి నడిచినవాళ్లకు, టెంపుల్ అనే చోట లాక్ (పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే గేట్ల కట్టడం) దాటగానే వచ్చే చెక్క వంతెన తెలిసే ఉంటుంది. కార్లు పోవు, మనుషులు నడవడానికే కట్టారు. 2023 మే నెలలో భద్రత కారణంగా దాన్ని ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ మూసేసింది. నదిలో పడవల రాకపోకలు చూసేది, వంతెన సొంతదారు కూడా ఆ సంస్థే. అప్పుడు రీడింగ్ ఊళ్లోని మా నడక బృందంలో మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు: ఇలాంటి వంతెన ఖర్చు ఎవరిది?

నేనైతే నది డబ్బుతోనే, అంటే పడవల వాళ్లు కట్టే ఫీజులతోనే చెయ్యాలంటాను. ఆ ఒడ్డు దారి పుట్టిందే పడవల కోసం. ఇంజన్లు లేని రోజుల్లో ఒడ్డున నడిచే గుర్రాలే బార్జీలను (సరుకు పడవలను) తాడుతో లాగేవి. దారి ఒక ఒడ్డు వదిలి రెండో ఒడ్డుకు మారిన చోట దాటడానికి రేవు పడవ ఉండేది. టెంపుల్ రేవు పడవ 1953లో ఆగిపోయింది. వంతెన వచ్చింది 1989లో. మధ్యలో 36 ఏళ్లు ఆ దారి అక్కడ తెగిపోయే ఉంది. మళ్లీ ఆ రోజులు రాకూడదు.

బోటు మనిషి:
చరిత్ర ఒప్పుకుంటానండీ, లెక్క ఒప్పుకోను. ఈ నదిలో బోటు ఉన్న ప్రతివాడూ ఏటా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి. సముద్రపు ఆటుపోట్లు రాని థేమ్స్ మీద నలభైకి పైగా లాకులున్నాయి. వాటి గేట్లు, ఆనకట్టలు చూసుకోవడానికే డబ్బు చాలడం లేదు. గుర్రాలు పోయి ఎన్నేళ్లయింది! 1989లో వంతెన కట్టింది నడిచేవాళ్ల కోసమే. దాని కింద నుంచి వెళ్లడమే తప్ప నా బోటుకు దానితో పనేముంది? ఈ ఒడ్డు దారిని, అంటే థేమ్స్ పాత్‌ను, 1996లో జాతీయ కాలిదారిగా తెరిచింది దేశం. కాబట్టి దేశమే పెట్టుకోవాలి.

కోనసీమ:
మాది లంక ఊరు, రేవు దాటే బడికి వెళ్లాను. అందుకే అడుగుతున్నాను, పడవ పెట్టేస్తే సరిపోదా? వంతెన కంటే చాలా తక్కువలో అయిపోతుంది కదా.

బోటు మనిషి:
వేసవి ఆదివారాలకైతే సరిపోతుంది. చలికాలంలో వరదొస్తే లాకుల దగ్గర ఎర్ర బోర్డు పెడతారు, బోటు కదపొద్దని. అప్పుడు రేవు పడవ ఎవరు నడుపుతారు? పైగా రోజంతా ఒక మనిషి అక్కడే ఉండాలి, జీతం ఇవ్వాలి. రేవు పోయాక ఏమైందో పైన రాశారు కదా.

వంతెనల పని:
నేను ఇలాంటి కట్టడాలు తనిఖీ చేస్తాను. వంతెన ఎవరిదన్న దానికంటే, ఏటా దానికి ఎవరు ఖర్చు పెడుతున్నారన్నది నాకు ముఖ్యం. చెక్క పైకి బాగానే కనిపిస్తుంది. బోల్టులు దిగిన చోట, రెండు దూలాలు కలిసే చోట నీళ్లు నిలిచి లోపల పుచ్చుతుంది. నదికి ఎగువన లెచ్‌లేడ్ ఊరి దగ్గర 2000లో కట్టిన బ్లూమర్స్ హోల్ వంతెన చూడండి. లోపల స్టీలు, బయట చెక్క తొడుగు. ఆ స్టీలు దూలాలను చినూక్ హెలికాప్టర్‌తో దింపారు! లారీ పోలేని పొలాల మధ్య నదంటే అలాగే ఉంటుంది, సామాను చేర్చడమే పెద్ద పని. చిన్న మరమ్మతు వాయిదా వేస్తే పెద్ద ఖర్చు మీదికొస్తుంది. మూసేయాల్సిన రోజు దాకా రానివ్వకూడదు.

రీడింగ్ నడక:
బోటు మనిషి గారూ, మీ ఫీజులోంచే ఇవ్వమని పట్టుబట్టను. అది మీకు న్యాయం కాదని ఇప్పుడు అర్థమైంది. కానీ వంతెన ఆ సంస్థది. డబ్బు ప్రభుత్వం నుంచి విడిగా తెచ్చుకునే బాధ్యత కూడా దానిదే. మార్లో నుంచి వచ్చిన మనిషి అక్కడ మూసిన గేటు చూస్తే రెండు కిలోమీటర్లకు పైగా వెనక్కి నడిచి, మార్లో వంతెన దాటి, బిషమ్ ఊరి మీదుగా చుట్టూ తిరగాలి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను అలా తిప్పలేను. వాళ్లు తమలో తాము లెక్క తేల్చుకునేదాకా ఆవిడ ఆగాలా?

బోటు మనిషి:
ఆగక్కర్లేదు. విడి నిధి కావాలని మీరు ఉత్తరం రాస్తే నేనూ సంతకం పెడతాను. లాకుల డబ్బు మాత్రం అందులో కలపొద్దని ఒక వాక్యం చేర్చండి.