గ్రానైట్ బ్లాకులకు ట్రైలర్: ఏ హెడ్, ఏ ఫిఫ్త్ వీల్?

చీమకుర్తి కుర్రోడు:
అన్నలూ, క్వారీ నుంచి కృష్ణపట్నం పోర్టుకు బ్లాకులు తోలదామని మూడు యాక్సిళ్ల పాత ట్రైలర్ ఒకటి బేరమాడుతున్నా, దాన్ని లాగే ముందు ఇంజిన్ బండి, అదే హెడ్, ఇంకా కొనలేదు. 55 టన్నుల హెడ్ తీసుకుంటే 55 టన్నుల రాయి వేసుకోవచ్చంటున్నాడు బ్రోకర్, నిజమేనా?

హైవే బాబాయ్:
అబ్బయా, ఆ బ్రోకర్ని ముందు వదిలించుకో. 55 అంటే హెడ్, ట్రైలర్, సరుకు అన్నీ కలిపి. హెడ్, ట్రైలర్ రెండింటినీ ఖాళీగా కాటా వేయించి ఆ బరువు తీసేస్తే మిగిలేదే నీ లోడు. గెలాక్సీ రాయి, అదే మీ చీమకుర్తి నల్ల గ్రానైట్, ఘనమీటరు 3 టన్నులకు దగ్గరగా తూగుతుంది, చూడ్డానికి చిన్న బ్లాకే అనిపిస్తుంది గానీ టైర్లకు తెలుస్తుంది.

ఒంగోలు మెకానిక్:
ట్రైలర్ ముందు భాగం కింద హెడ్‌కి తగిలించే పిన్ ఉంటుంది, దాన్నే కింగ్ పిన్ అంటారు, దాని మందం కొలిపించు తమ్ముడూ. 50 మిల్లీమీటర్లదీ ఉంటుంది, 90దీ ఉంటుంది, హెడ్ మీద ఆ పిన్‌ని పట్టుకునే ప్లేటు, అదే ఫిఫ్త్ వీల్, దానికి సరిపోయేదే ఉండాలి. పిన్ అరిగిపోయుంటే బేరం వద్దు. ఫిఫ్త్ వీల్ హెడ్ వెనక యాక్సిల్‌కి కాస్త ముందుకు ఉండాలి, వెనక్కి జరిగితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, లోడుతో అది చాలా ప్రమాదం.

చీమకుర్తి కుర్రోడు:
ట్రైలర్‌ని హెడ్‌కి తగిలించాక లాక్ పడిందో లేదో ఎలా తెలుస్తుందన్నా?

ఒంగోలు మెకానిక్:
ట్రైలర్ బ్రేకు పట్టి ఉంచి హెడ్‌ని మెల్లగా ముందుకు లాగి చూడు. తర్వాత దిగి టార్చి వేసి, పిన్ చుట్టూ ఫిఫ్త్ వీల్ దవడలు మూసుకున్నాయా, ఫిఫ్త్ వీల్ ప్లేటుకీ ట్రైలర్‌కీ మధ్య సందు ఉందా చూసుకో. సందు కనిపిస్తే బండి కదపొద్దు.