వంటింట్లో మొలకొచ్చిన బంగాళాదుంపలు నాటొచ్చా, కూడదా?

కొత్తమొక్క:
బుట్టలో మిగిలిన బంగాళాదుంపలకు మొలకలొచ్చాయి. పెరట్లో నాటేద్దామంటే అన్నయ్య ఒప్పుకోవట్లేదు, విత్తన దుంపలే తెచ్చుకోవాలంటాడు. రెండూ దుంపలే కదా, అంత తేడా ఏముంటుంది?

పచ్చనిపెరడు:
నిక్షేపంగా నాటండి. మొలక పొట్టిగా, లావుగా ఉంటే చాలు. చీకట్లో తెల్లగా, పొడుగ్గా సాగినవైతే తుంచేసి, దుంపల్ని వెలుతురు తగిలేచోట పెట్టండి, గట్టివి వస్తాయి. పెద్ద దుంపైతే ముక్కకు రెండు కళ్లైనా (మొలక వచ్చే గుంటలు) ఉండేలా కోసి, కోత ఆరాక నాటాలి. నేనెప్పుడూ వంటింటి దుంపలే నాటుతాను, కాపు బాగానే వస్తుంది.

మట్టిమనిషి:
పచ్చనిపెరడు గారూ, మొలక వస్తుందా రాదా అని కాదు పేచీ, దుంప లోపల ఏముందన్నదే. బంగాళాదుంప గింజ కాదు, నేలలో ఊరిన కాండం. తల్లి మొక్కకు వైరస్ ఉంటే దుంపలోకీ దిగుతుంది, దాన్నుంచి వచ్చే మొక్క పుట్టుకతోనే రోగిష్టిది. ఏటా అదే విత్తనం తిప్పుతుంటే కాపు పడిపోయేది అందుకే. ధ్రువీకరించిన విత్తనం పండించే పొలాల్లో తనిఖీ చేసి, తెగులు మొక్కల్ని పీకేస్తారు. కూరకు పండించేచోట ఆ పట్టింపు ఉండదు, ఎందుకంటే ఆ వైరస్ మనుషులకు హాని చేయదు.

నాకు అంతకన్నా భయం బాక్టీరియా ఎండు తెగులంటే. పైకి నిగనిగలాడే దుంపలోనూ దాగి ఉండొచ్చు. మొక్క పచ్చగా ఉండగానే వాడిపోతే, మొదలు దగ్గర కాండం ముక్క కోసి గ్లాసు నీళ్లలో వేలాడదీసి చూడండి. ఈ తెగులైతే కోసిన చోటునుంచి తెల్లటి జిగురు సన్నగా కిందికి కారుతుంది. ఒకసారి మట్టిలో చేరిందంటే ఏళ్ల తరబడి వదలదు, టమాటా, వంకాయ కూడా నిలబడవు. నాలుగు దుంపలు కలిసొస్తాయని మడి మొత్తం పణంగా పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

పచ్చనిపెరడు:
మీ భయం అర్థమైంది. కానీ అందరికీ విత్తన దుంప దొరకదు కదండీ. నేల జోలికి పోకుండా గ్రో బ్యాగ్‌లో వేసుకుంటే? తెగులొస్తే మట్టితో సహా పారేయొచ్చు.

మట్టిమనిషి:
అలాగైతే సరే, బ్యాగ్‌లోంచి కారే నీళ్లు మడిలోకి పోకుండా చూసుకోవాలి. వైరస్‌కు మాత్రం బ్యాగ్ అడ్డు కాదు, పేనుబంక ఒక మొక్క రసం పీల్చి ఇంకోదాని మీద వాలితే అంటుకుంటుంది. కింది ఆకులు పైకి చుట్టుకుని, పట్టుకుంటే అట్టముక్కలా గరగరలాడితే ఆ మొక్కను దుంపతో సహా పీకేయండి.

మేడతోట:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు ఆకులు బ్రహ్మాండంగా వస్తాయి, దుంపలే ఊరవు. ఇదీ విత్తనం లోపమేనా?

మట్టిమనిషి:
కాకపోవచ్చు. దుంప బాగా ఊరాలంటే నేల 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటితే దాదాపు ఆగిపోతుంది. నత్రజని ఎక్కువేసినా ఆకే పెరుగుతుంది.

కొత్తమొక్క:
అయితే బ్యాగ్‌లోనే వేస్తాను. పచ్చబడ్డ దుంపలు రెండున్నాయి, అవీ పనికొస్తాయా?

పచ్చనిపెరడు:
నాటడానికి పనికొస్తాయి, కూరలో మాత్రం వేయకండి. వాటిలో పెరిగే సోలనిన్ అనే విషపదార్థం ఉడికించినా పోదు. మొక్క ఎదిగేకొద్దీ మొదట్లోకి మట్టి ఎగదోస్తూ ఉండండి, కొత్త దుంపలకు ఎండ తగలకూడదు.