సమస్యాపూరణం: శకల మొకటె తుదకు సకల మయ్యె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. ‘వ్యాకరణం చదువు నాయనా, లేకపోతే స్వజనం (మనవాళ్ళు) శ్వజనం (కుక్కలు) అవుతుంది, సకలం (అంతా) శకలం (ముక్క) అవుతుంది’ అని తండ్రి కొడుకును హెచ్చరించే సంస్కృత చాటువు తెలిసిందే కదా. ఆ రెండో జంటనే తిరగేసి ఇస్తున్నాను. చివరి పాదం ఇదీ, మిగతా మూడు మీరు పూరించాలి:

శకల మొకటె తుదకు సకల మయ్యె

గుంటూరు సభ్యుడు:

కృష్ణ దరిని జెదరి కీలూడు శిలలందు
నాగ బనెడి పలుకు నాటుకొనియె
తెలుగు నుడికి మొదటి తేటైన సాక్ష్యమా
శకల మొకటె తుదకు సకల మయ్యె

నిర్వాహకుడు: అమరావతి రాతిమీద వేటూరి ప్రభాకరశాస్త్రి గారు తొలి తెలుగు మాటగా గుర్తించిన ‘నాగబు’! విరిగిన రాయి కాబట్టి శకలం అచ్చంగా కుదిరింది. ‘సాక్ష్యమా’లో (సాక్ష్యము + ఆ) సంధి మూడో పాదాన్ని నాలుగోదానిలోకి నడిపించిన తీరు నాకు చాలా నచ్చింది.

వరంగల్ సభ్యురాలు:

నెలకు నొక్క మారు నింగిలో జంద్రుండు
తరిగి పెరుగుచుండు, దాల్చె శివుడు
జడల నొక్క తునక. క్షయ మింక లేదాయె
శకల మొకటె తుదకు సకల మయ్యె

నిర్వాహకుడు: భావం గొప్పగా ఉందమ్మా. ‘తునక’ బదులు ‘కళను’ అనండి, గణం చెడదు. కళ అంటే లెక్క ఉన్న వంతు, చంద్రుడిలో పదహారోది. సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘కలా తు షోడశో భాగః’ అన్న వెంటనే శకలం వస్తుంది. శకలానికి కొలత లేదు. అక్కడే ఇంకో సూక్ష్మం: అర్ధ శబ్దం పుంలింగమైతే ఏదో ఒక ముక్క, నపుంసకమైతే సరిగ్గా సగం. తెలుగులో రెండూ ‘అర్ధము’ అయిపోయి ఆ తేడా మాసిపోయింది. పైగా కళతో కూడినది సకలం. మీ పద్యంలో ‘కళ’ పడితే శకలం, సకలం రెండువైపులా సమస్య విడిపోతుంది.

తెనాలి సభ్యుడు:

తాత పొలము నపుడు తమ్ముళ్ళు పంచగా
మూడు గట్లు వెలసె ముచ్చటగను
నాకు వచ్చినట్టి నడిమి చెక్కను దున్న
శకల మొకటె తుదకు సకల మయ్యె

గుంటూరు సభ్యుడు: యతులు బాగున్నాయండీ. పంచుకున్నది మాత్రం భాగం, శకలం కాదు. విమాన భాగాలంటే అమర్చేవి, విమాన శకలాలంటే కూలాక ఏరేవి.

తెనాలి సభ్యుడు: ఒప్పుకుంటానండీ. మూడో పాదం మార్చాను:

నాకు వరద మింగ నడిమిట మిగిలిన

నిర్వాహకుడు: ఇప్పుడది శకలమే.