సమస్య: "మంచు బిందువు లెక్కించె మనుజు దివికి"

ఇది సమస్యాపూరణం: పొసగనట్టు తోచే (విరోధమున్న) చివరి పాదం నేనిస్తాను, మీరు మిగతా మూడు పాదాలు కట్టి దాన్ని పొసగించాలి. ఈసారి ఛందస్సు తేటగీతి. పాదం ఇది:

మంచు బిందువు లెక్కించె మనుజు దివికి

మంచు బిందువులు మనిషిని ఆకాశానికి ఎక్కించాయని దీని భావం. ఊహల్లో చంద్రుడి మీదికి వెళ్ళినవారి దారులన్నీ తిరగేసి ఈ పాదం కట్టాను. రెండో శతాబ్దిలో గ్రీకులో రాసిన లూషియన్ కథలో ఓడను సుడిగాలి ఎత్తుకుపోతుంది. ఏడు రాత్రులూ ఏడు పగళ్ళూ గాలిలో తేలి, ఎనిమిదో నాటికి అది చంద్రుణ్ణి చేరుతుంది. 1638లో అచ్చయిన ఇంగ్లీషు రచయిత గాడ్విన్ కథలో మనిషిని పెద్ద పక్షులు మోసుకుపోతాయి. గాలి ఎత్తడంలోనూ పక్షి ఎగరడంలోనూ విరోధం లేదు కనుక అవి సమస్యకు పనికిరావు. ఫ్రెంచి రచయిత సిరానో ద బెర్జెరాక్ పోయిన తరువాత 1657లో వెలువడిన కథ అలాంటిది కాదు. అందులో కథానాయకుడు మంచు బిందువులు నింపిన సీసాలు ఒంటికి కట్టుకుంటాడు. ఎండకు మంచు పైకి పోతుంది గదా, దానితో పాటే తానూ లేస్తాడు. కిందికి రాలే మంచు మనిషిని పైకి లేపడంలో అసలైన విరోధం ఉంది.

"జాబిల్లికి" అనకుండా "దివికి" అన్నది కావాలనే. ఆ సీసాలు అతణ్ణి చంద్రుడి దాకా చేర్చలేదు. దారి తప్పుతున్నానని కొన్నింటిని పగలగొట్టుకుని కెనడాలో దిగాడు.

పూరణ 1

గాజు బుడ్డుల మంచును గట్టి మేన
సూర్యు డుదయింప నావిరై సుడియుచుండ
ఫ్రాన్సు కవిరాజు కల్పనఁ బైకి లేచి
మంచు బిందువు లెక్కించె మనుజు దివికి

నా మాట: ధార బాగుంది. "ఫ్రా"కు "బై"తో యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలోని నియత అక్షరానికి ఉండాల్సిన పొంతన) చక్కగా కుదిరింది. కానీ "గట్టి" (కట్టి) అన్న క్త్వార్థకానికి, అంటే అసమాపక క్రియకు, కర్త ఎవరు? చివరి క్రియకు కర్త మంచు బిందువులు. అంటే మంచు తనను తానే సీసాల్లో పోసి కట్టుకున్నట్టు అయింది. "గట్ట మేన" (మేన కట్టగా) అంటే దోషం పోతుంది, గణమూ (గురులఘువుల లెక్క) చెడదు.

ఒక ప్రశ్న: "బిందువు లెక్కించె" అని విడదీసి, లెక్కపెట్టింది అనే అర్థంలో పూరించవచ్చునా?

నా మాట: విరుపు ముచ్చటగానే ఉంది. అయితే "మనుజు" ద్వితీయా విభక్తి, అంటే "మనిషిని". లెక్కించింది మనిషినే అని చెప్పి, "దివికి" అన్న మాటకు మూడో పాదంలో ఆధారం చూపగలిగితే ప్రయత్నించండి. లేకుంటే ఆ మాట గాలిలో వేలాడుతుంది.

పూరణ 2

ఉదజనియు నామ్లజనియును నొక్కటగుచు
మండి నీటియావిరిగాను మారుచుండ
నింగి కెగసెడి రాకెట్టు నెట్టి నెట్టి
మంచు బిందువు లెక్కించె మనుజు దివికి

నా మాట: ఇది చదివి లేచి నిలబడ్డాను. 1969 జులైలో అపోలో 11ను మోసిన శాటర్న్ 5 రాకెట్టులో మొదటి అంచె కిరోసిన్ జాతి ఇంధనాన్ని మండించింది. రెండో అంచె, మూడో అంచె ద్రవ ఉదజనిని (హైడ్రోజన్) ద్రవ ఆమ్లజనితో (ఆక్సిజన్) కలిపి మండించాయి. ఆ మంటలోంచి వెలువడేది ప్రధానంగా నీటి ఆవిరే. భూమి చుట్టూ తిరుగుతున్న నౌకను చంద్రుడి వైపు తోసింది ఆ మూడో అంచె. సిరానో సరదాగా ఊహించిన నీళ్ళే మూడు వందల ఏళ్ళ తరువాత ఆ పని చేశాయి. శాస్త్రాన్ని తెచ్చి అతికించకుండా విరోధాన్ని విప్పడానికే వాడారు, అందుకే పద్యం నిలిచింది. "ఆవిరిగాను"లో "ను" మాత్రం గణం కోసం వచ్చింది. ఆవిరి వేరు, మంచు బిందువు వేరు అని పట్టుబట్టేవారికి నా సమాధానం ఒక్కటే: చల్లబడితే అది బిందువే.

పూరణ 3 (వీరికి ఇది మొదటి పద్యమట)

గడ్డి పరకపై నొక చిన్న గడియ నిలిచి
చందమామను కడుపులో దాచుకొనుచు
వంగి చూచిన కన్నుల వశముఁ జేసి
మంచు బిందువు లెక్కించె మనుజు దివికి

నా మాట: ఇందులో సీసా లేదు, రాకెట్టు లేదు. కిందికి వంగినవాడే పైకి ఎక్కాడు. ఇంతకన్న మంచి విరోధ పరిహారం నాకు తోచదు. తెల్లవారుజామున పెరట్లో గరిక మీద చూశాను. చుక్కలో జాబిల్లి ఆవగింజంత కూడా లేదు, తల కాస్త కదిపితే మాయం. మీ "చిన్న గడియ" ఎంత నిజమో అప్పుడు తెలిసింది.

రెండో పాదంలో యతి తప్పింది. "చ"కు "దా"తో మైత్రి లేదు. "తళుకు జాబిలిఁ గడుపులో దాచుకొనుచు" అంటే సరిపోతుంది.

పూరణ 3 రాసినవారు: సవరణకు కృతజ్ఞతలండీ. కానీ "చందమామ"ను వదులుకోలేను. అమ్మ గోరుముద్దలు పెడుతూ పిలిచిన పేరు అది. చివరి మాటలు మార్చాను, చూడండి:

చందమామనుఁ గడుపులో జారనీక

నా మాట: "చ"కు "జా" సరిగ్గా చెల్లింది. జారిపోబోయే చుక్క జాబిల్లిని జారనీయకపోవడం నా సవరణలో లేని అందం. నా పాదం వెనక్కి తీసుకుంటున్నాను, మీదే ఉంచండి.