చిన్న కౌంటీలో స్పీడ్ టికెట్: కాగితం నల్లబడిపోయింది, ఆన్‌లైన్‌లో రికార్డు లేదు

శ్రావణి, ఇర్వింగ్

నమస్తే అండీ. మెమోరియల్ డే సెలవులకి కొలరాడో వెళ్ళి తిరిగి వస్తుంటే, యూఎస్ 287 మీద అమరిల్లోకీ విచిటా ఫాల్స్‌కీ మధ్య మా ఆయనకి స్పీడ్ టికెట్ పడింది. గంటకి 75 మైళ్ళ లిమిట్ ఉన్నచోట 88లో వెళ్ళారు. ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు. చేతిలో ఉన్న మెషీన్‌లోంచి సూపర్‌మార్కెట్ రసీదు లాంటి కాగితం తీసి ఇచ్చాడు, సంతకం పెట్టించుకున్నాడు. మా ఆయన దాన్ని డాష్‌బోర్డు మీద పెట్టి వదిలేశారు. టెక్సస్ ఎండ సంగతి మీకు తెలుసు కదా, మొన్న తీసి చూస్తే మొత్తం నల్లగా అయిపోయింది. ‘జస్టిస్ కోర్ట్’ అన్న మాట, జూన్ నెలాఖరు తేదీ ఒకటి కనిపిస్తున్నాయి, అంతే. సైటేషన్ (టికెట్) నంబర్ కనబడట్లేదు.

కౌంటీ వెబ్‌సైట్‌లో ఎలక్షన్ నోటీసులు, ఆస్తి పన్నుల వివరాలు ఉన్నాయి గానీ టికెట్ వెతుక్కునే చోటే లేదు. గూగుల్‌లో వెతికితే కోర్టు రికార్డులు చూపిస్తామనే సైట్లు బోలెడు వచ్చాయి. పేరు కొట్టగానే ‘రికార్డు దొరికింది’ అని క్రెడిట్ కార్డు అడుగుతోంది. అనుమానం వచ్చి మా అత్తగారి పేరు కొట్టాను. ఆవిడ తెనాలి దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. ఆవిడకీ రికార్డు దొరికిందట!

మా ఆయన ఐ-94తో (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) పాటు డ్రైవింగ్ లైసెన్స్ కూడా సెప్టెంబర్‌లో అయిపోతుంది. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో హెచ్-1బీ (వర్క్ వీసా) స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం. చిన్న కౌంటీయే కదా, ఎవరూ పట్టించుకోరు, వదిలేయమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్రిస్కో కుర్రాడు

వదిలేయడం మాత్రం వద్దు అక్కా. కోర్టు ఏదో తెలుసుకుని డబ్బులు కట్టేసి మర్చిపోండి. మహా అయితే రెండు వందలో మూడు వందలో అవుతుంది.

పాన్‌హ్యాండిల్ బాబాయ్

అమ్మా శ్రావణీ, పై తమ్ముడు చెప్పిన మొదటి మాట నిజం, రెండోది వినొద్దు. నేను అటువైపే ఒక చిన్న ఊళ్ళో గ్యాస్ స్టేషన్ నడుపుతున్నా. 287 మీద టికెట్ పడ్డ మన పిల్లలు కాఫీకని నా కౌంటర్ దగ్గరే ఆగుతారు. మొహం చూడగానే తెలిసిపోతుంది నాకు.

ముందు కోర్టు ఏదో తేల్చుకోండి. ఆపింది ఎవరు? గోధుమ రంగు యూనిఫాం, కౌబాయ్ టోపీ అయితే స్టేట్ ట్రూపర్. ట్రూపర్ గానీ, షెరిఫ్ మనిషి గానీ, కానిస్టేబుల్ గానీ రాస్తే కేసు మామూలుగా ఆ కౌంటీ జస్టిస్ ఆఫ్ ది పీస్ దగ్గరికి వెళ్తుంది. జేపీ కోర్టు అంటారు. ఊరి పోలీసు రాస్తే ఆ ఊరి మునిసిపల్ కోర్టుకి. మీ కాగితం మీద జస్టిస్ కోర్ట్ అనే ఉంది కాబట్టి ఆ గొడవ లేదు. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, ఒక్కో దానిలో ఒకటి నుంచి ఎనిమిది దాకా జేపీ ప్రిసింక్టులు (జేపీ కోర్టుల పరిధులు) ఉండొచ్చు. చిన్న కౌంటీ అయితే ఒకటో రెండో. రెండున్నా సరే, ఒకరికి ఫోన్ చేస్తే మాది కాదు, ఫలానా నంబర్‌కి చేయండి అని వాళ్ళే చెప్తారు.

చిన్న కౌంటీలో రికార్డు కంప్యూటర్ తెర మీద దొరకదమ్మా, క్లర్కు దగ్గర దొరుకుతుంది. మా ఊళ్ళో జేపీ ఆఫీసులో మొత్తం ఇద్దరు మనుషులు. ఇక్కడ జేపీ ఎన్నికలో గెలిచి వచ్చిన మనిషి, లాయర్ అయి ఉండాలని రూలేం లేదు. పెళ్ళిళ్ళు చేయించేదీ ఆయనే. మెడికల్ ఎగ్జామినర్ లేని కౌంటీల్లో ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే శవ పంచనామాకి వెళ్ళేదీ ఆయనే. ఆ పనుల మధ్యలో మన స్పీడ్ టికెట్. అందుకని ఫోన్ ఎత్తకపోతే కంగారు పడొద్దు, మళ్ళీ చేయండి. ఒకసారి దొరికారంటే డల్లాస్‌లోలా గంటసేపు పాట వినిపించరు, నేరుగా మనిషే మాట్లాడుతుంది. నన్నడిగితే పెద్ద ఊళ్ళ కంటే ఇదే సుఖం.

సైటేషన్ నంబర్ లేకపోయినా ఫరవాలేదు. మీ ఆయన లైసెన్స్ నంబర్, పుట్టిన తేదీ, టికెట్ పడిన రోజు చెప్పండి. పేరుతో మాత్రం మొదలుపెట్టకండి. మన పేర్లు వాళ్ళ నోరు తిరగవు, పైగా ఇంటిపేరు ముందో వెనకో తెలియక రెండు రకాలుగా వెతుకుతారు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ళకి మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. అలాంటివాళ్ళ టికెట్ కూడా ఆ ఎఫ్ఎన్‌యూ కిందే ఉంటుంది. నా దగ్గర ఆగిన ఒక కుర్రాడు తన పేరే తప్పు చెప్తున్నాడని క్లర్కు గట్టిగా అనుకుంది.

ఇక కట్టేయడం ఎందుకు వద్దన్నానంటే, డబ్బు కట్టడం అంటే తప్పు ఒప్పుకున్నట్టే. అది కన్విక్షన్‌గా (తప్పు రుజువైనట్టు) లైసెన్స్ రికార్డులోకి ఎక్కుతుంది, ఇన్సూరెన్స్ వాళ్ళు చూస్తారు. సంతకం పెట్టినందుకు ఒప్పుకున్నట్టు కాదు, వస్తానని మాటిచ్చినట్టు, అంతే. మీ ఆయనది లిమిట్ కంటే 13 ఎక్కువ. 25 మైళ్ళు గానీ అంతకు మించి గానీ ఎక్కువ ఉన్నా, 95 గానీ దాటి గానీ నడిపినా, పనివాళ్ళున్న కన్‌స్ట్రక్షన్ జోన్‌లో అయినా డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు చేసి టికెట్ కొట్టేయించుకునే హక్కు ఉండదు. ఆ మూడూ కావు కాబట్టి, టెక్సస్ లైసెన్స్ ఉండి, కమర్షియల్ లైసెన్స్ లేకుండా, గత 12 నెలల్లో ఇలా కోర్సు చేసి ఇంకో టికెట్ కొట్టేయించుకుని ఉండకపోతే అడగొచ్చు. మీ ఆయనది లిమిటెడ్ టర్మ్ (వీసా గడువు దాకానే ఇచ్చే) లైసెన్స్ అయినా అది టెక్సస్ లైసెన్సే.

అడగడానికి గడువు కాగితం మీదున్న ఆ జూన్ తేదీ. అది దాటితే హక్కు పోతుంది, ఆ తర్వాత జడ్జి దయ. అంత దూరం కారేసుకుని రానక్కర్లేదు. నో కంటెస్ట్ (ఒప్పుకోను, అలాగని వాదించను) అని ప్లీ (కోర్టుకిచ్చే జవాబు), కోర్సు కావాలన్న అభ్యర్థన, ఇన్సూరెన్స్ కాపీ, లైసెన్స్ కాపీ కలిపి సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రసీదు పెట్టి పంపండి. ఆ తేదీ లోపల పోస్టు ముద్ర పడితే చాలు. క్లర్కు కంప్యూటర్‌లోకి టికెట్ ఇంకా ఎక్కలేదన్నా ఆగకండి, తేదీ, చోటు, లైసెన్స్ నంబర్ రాసి పంపేయండి.

వదిలేయమన్న ఫ్రెండ్‌ని మాత్రం ఒక పూట అన్నం పెట్టి పంపించేయండి. హాజరు కాకపోతే వారంట్ రావొచ్చు. అంతకంటే మనవాళ్ళకి అసలు తలనొప్పి, కోర్టు డీపీఎస్‌కి (టెక్సస్‌లో లైసెన్సులిచ్చే శాఖ) చెప్పి లైసెన్స్ రెన్యువల్ ఆపించడం. ఇక్కడి పౌరులకి చాలా ఏళ్ళకోసారి ఆ అవసరం వస్తుంది. వీసా వాళ్ళకి ఐ-94 మారినప్పుడల్లా వస్తుంది. సెప్టెంబర్‌లో కౌంటర్ దగ్గర నిలబడ్డాక తెలిస్తే ఆఫీసుకి ఎవరు దింపుతారు?

సుధీర్, ప్లానో

బాబాయ్ గారు చెప్పిన హోల్డ్ (రెన్యువల్ ఆపడం) మా బావకి పడింది. పాత టికెట్, ఏ కౌంటీదో ఆయనకే గుర్తు లేదు. టెక్సస్ ప్రభుత్వ సైట్‌లో లైసెన్స్ ఎలిజిబిలిటీ అని ఒక పేజీ ఉంటుంది. లైసెన్స్ నంబర్ కొడితే ఏ కోర్టు ఆపిందో తెలిసింది. ఆ జేపీ దగ్గర సెటిల్ చేసుకుని, పైన 10 డాలర్ల ఫీజు కట్టాక కూడా కొన్ని రోజులు పట్టింది, కోర్టు నుంచి డీపీఎస్‌కి కబురు వెళ్ళాలి కదా. టికెట్ కట్టమని డీఎంవీ (వాహనాల శాఖ) పేరుతో ఫోన్‌కి వచ్చే లింకులు నొక్కొద్దు. టెక్సస్‌లో లైసెన్సులు చూసేది డీపీఎస్, డీఎంవీ కాదు.

శ్రావణి, ఇర్వింగ్

బాబాయ్ గారూ, దొరికింది! మీరన్నట్టు లైసెన్స్ నంబర్ చెప్పగానే క్లర్కు తీసింది. కోర్సుకి ఫారం ఈమెయిల్‌లో పంపింది. దానిలో టైప్ 3ఏ రికార్డు అని అడిగారు, అదేంటి? ఇంకొకటి, స్టాంపింగ్ ఫారంలో దీని గురించి రాయాలా?

పాన్‌హ్యాండిల్ బాబాయ్

సంతోషం అమ్మా. 3ఏ అంటే డీపీఎస్ ఇచ్చే సర్టిఫైడ్ డ్రైవింగ్ రికార్డు. ఆన్‌లైన్‌లో సుమారు 12 డాలర్లు. అక్కడ రకరకాల రికార్డులు కనిపిస్తాయి, తక్కువ ధరని చూసి వేరేది కొనకండి, కోర్టు తీసుకోదు. జడ్జి ఒప్పుకున్నాక 90 రోజుల్లో కోర్సు సర్టిఫికెట్, ఈ రికార్డు, ఒక అఫిడవిట్ కోర్టుకి చేరాలి. సర్టిఫికెట్‌లో కోర్టు కాపీ వేరు, ఇన్సూరెన్స్ కాపీ వేరు. కోర్టు కాపీ పంపండి, ముందు ఫోటో తీసి పెట్టుకుని (డాష్‌బోర్డు మీద కాదు).

డీఎస్-160లో (వీసా దరఖాస్తు ఫారం) అడిగేది అరెస్టు, కన్విక్షన్ గురించి. కోర్సు చేసి కొట్టేయించుకున్న స్పీడ్ టికెట్‌కి ఏం రాయాలో మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, నా మాట మీద నింపకండి. తాగి నడిపిన కేసు అయితే వీసానే రద్దు చేయొచ్చు, దీన్ని దానితో కలిపి భయపడొద్దు. అయితే రేపు గ్రీన్ కార్డు దాకా వచ్చాక ఐ-485 ఫారంలో సైటేషన్ ఎప్పుడైనా వచ్చిందా అని కూడా అడుగుతారు. మన క్యూ సంగతి తెలిసిందే, అప్పటికి ఆ జేపీ ఉండడు, ఆ క్లర్కు ఉండదు, పాత ఫైళ్ళు తీసేసి ఉండొచ్చు. డిస్మిస్ అయ్యాక ఆ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ ఒకటి ఇప్పుడే తెప్పించి పాస్‌పోర్టులతో పాటు పెట్టండి.

స్టిల్‌వాటర్ స్టూడెంట్

బాబాయ్, నాకూ అదే రోడ్డు మీద పడింది, 75లో 86. నాది ఓక్లహోమా లైసెన్స్. వయసు 23. నాకు కోర్సు రాదా?

పాన్‌హ్యాండిల్ బాబాయ్

హక్కుగా రాదు నాన్నా, అది టెక్సస్ లైసెన్స్ వాళ్ళకీ, సైన్యంలో ఉన్నవాళ్ళకీ. నువ్వు డిఫర్డ్ డిస్పొజిషన్ అడుగు. ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. ఇస్తే 180 రోజుల లోపు ఏదో ఒక గడువు పెడతారు, ఫీజు కట్టి అన్ని రోజులూ ఇంకో టికెట్ పడకుండా ఉంటే కేసు కొట్టేస్తారు. నీకు 25 నిండలేదు కాబట్టి కోర్సు కూడా ఎలాగూ చేయమంటారు. ఊరికే కట్టేస్తే మాత్రం ఓక్లహోమాకి కబురు వెళ్తుంది. కాగితం మీద తేదీ ఎంత ఉందో చూసి ఇక్కడ రాయి, సోమవారం పొద్దున్నే ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం 12 నుంచి ఒంటిగంట దాకా మా వైపు ఆఫీసులకి తాళం.