భయం పోయాక దూకాలా, భయంతోనే దూకాలా? బ్యాక్‌ఫ్లిప్ ముందు కాళ్లు కదలడం లేదు

తొలిమొగ్గ
వయసు 27. ఎనిమిది నెలలుగా బ్యాక్‌ఫ్లిప్, అంటే గాల్లో వెనక్కి వేసే పల్టీ, నేర్చుకుంటున్నాను. ట్రాంపొలిన్ మీద వస్తుంది. ఫోమ్ పిట్‌లోకి (స్పాంజి ముక్కలు నింపిన గుంత) లెక్కలేనన్నిసార్లు వేశాను. నేల మీద మెత్తటి మ్యాట్ పరిచి, స్పాటర్ (పక్కన నిలబడి పట్టుకునే ఆయన) నడుం దగ్గర ఒక చేయి, తొడ వెనక ఒక చేయి పెడితే శుభ్రంగా తిరిగి కాళ్ల మీదే దిగుతున్నాను. ఇప్పుడు నా బరువేమీ తన చేతుల మీద పడటం లేదని, చేయి ఊరికే ఆనుతోందని ఆయన అంటున్నారు.

ఆ చేయి తీసేస్తే మాత్రం అంతే. చేతులు పైకి ఊపుతాను, మోకాళ్లు వంచుతాను, కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. నిన్న 40 నిమిషాలు అలాగే నిలబడ్డాను. ఇంటికి వెళ్లాక కూడా గుండె దడ తగ్గలేదు.

కొందరు భయం పోయేదాకా ఆగమంటున్నారు. కొందరు అది ఎప్పటికీ పోదు, కళ్లు మూసుకుని దూకెయ్ అంటున్నారు. ఏది సరైనది?

వీధిగాలి
కళ్లు మాత్రం మూసుకోకు బ్రో. రెండో సగంలో నేల కనిపించేది ఆ కళ్లకే.

ఒక్కదూకు
తొలిమొగ్గ గారూ, మీకు పల్టీ వచ్చేసింది. ఇక నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, చేయాల్సింది ఒక్కటే ఉంది. భయం పోయాక చేస్తాను అనుకుంటే ఆ రోజు రాదు. నేను రెండేళ్లు అలా ఎదురుచూశాను. ఇంకో నెల ట్రాంపొలిన్, ఇంకో నెల పిట్, ఇంకో నెల వీడియోలు చూడటం. నీళ్లలోకి దిగకుండా ఈత నేర్చుకున్నవాళ్లు లేరు. చివరికి ఒకరోజు ఇసుకలో నిలబడి, మూడు లెక్కపెట్టి వేసేశాను. మోకాళ్ల మీద పడ్డాను. రెండోసారి కాళ్ల మీద దిగాను. భయం పోయింది ఆ రెండోసారి తర్వాతే, ముందు కాదు.

కాబట్టి చెప్పేది ఇదే. గట్టిగా మూడు లెక్కపెట్టండి. మూడు అనేసరికి గాల్లో ఉండాలి. నాలుగు అనేది లేదనుకోండి.

మెట్లదారి
నేను తొమ్మిదేళ్లు జిమ్నాస్టిక్స్ చేశాను, ఇప్పుడు పెద్దవాళ్లకు నేర్పుతాను. పైవారి మాటలో సగం ఒప్పుకుంటాను. భయం ముందు పోదు, చేస్తూ ఉంటే తగ్గుతుంది. ఒప్పుకోనిది ఆ లెక్కపెట్టడం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో బాగా బిగుసుకుపోయేవాళ్లు లెక్కపెట్టేవాళ్లే. ఒకటి, రెండు అంటూ ఉంటే ఒంట్లో బిగువంతా మూడు మీదకు పోగవుతుంది. మూడు దగ్గర ఆగిపోతే రేపు అదే అంకె దగ్గర ఆగడం అలవాటవుతుంది.

నేను చెప్పే పద్ధతి వేరు. ముందు నిటారుగా పైకి గెంతడం, చేతులు చెవుల దాకా. పది సార్లు. తర్వాత అదే గెంతు, దిగేముందు మోకాళ్లు ఛాతీకి లాగడం. తర్వాత ఎత్తుగా పేర్చిన మ్యాట్ల మీదకు వీపు ఆనేలా వెనక్కి గెంతడం. ఆ ఊపులోనే, ఆలోచనకు సందివ్వకుండా, చేయి పక్కన ఉండగా పల్టీ. రోజూ అదే వరుస. మనసు అడ్డం పడినా ఒంటికి దారి గుర్తుంటుంది.

ఒక్కదూకు
లెక్కపెట్టడం తప్పని ఎక్కడుంది? లక్షల మంది అలాగే చేశారు. మీరు చెప్పిన వరుస కూడా లెక్కే, పది సార్లు అని మీరే అన్నారు.

మెట్లదారి
పది గెంతులు వేరు, నిలబడి మూడు దాకా లెక్కపెట్టడం వేరు. ఒకదాంట్లో ఒళ్లు కదులుతోంది. ఇంకోదాంట్లో ఒళ్లు ఆగి ఉంటుంది, బుర్ర పరుగెడుతోంది.

చుక్కలగోడ
మా పాప వయసు 11. రెండేళ్లుగా చక్కగా చేస్తున్న బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి గెంతి, చేతులు నేలకు ఆనించి కాళ్ల మీద దిగడం) నెల క్రితం ఉన్నట్టుండి మానేసింది. పడలేదు, దెబ్బ తగల్లేదు. మ్యాట్ దగ్గరికి వెళ్లి ఏడుస్తోంది. ఇలా ఎవరికైనా జరిగిందా?

గతిశీల
లెక్క సంగతి పక్కన పెట్టి ఒక భౌతిక విషయం చెప్తాను, ఎందుకంటే ఇక్కడ ప్రాణం మీదకు వచ్చేది అదే. మనిషి నిలబడిన చోటు నుంచి 45 సెంటీమీటర్లు పైకి లేస్తే గాల్లో ఉండేది సుమారు 0.6 సెకన్లు. కాళ్లు నేల వదిలాక తిరుగుడు బలాన్ని పెంచలేం, తగ్గించలేం. పుట్టించుకున్నదే మనతో ఉంటుంది. మన చేతిలో ఉన్నది ఒంటి ఆకారం. మోకాళ్లు దగ్గరకు లాగితే వేగంగా తిరుగుతాం, ఒళ్లు చాపితే నెమ్మదిస్తాం.

సగం దూరంలో భయమేసి వదిలేసినవాడు చేసేది సరిగ్గా ఆ రెండోదే. ఒళ్లు చాపేస్తాడు. తల కిందకు ఉన్న క్షణంలో తిరుగుడు మందగిస్తుంది. మెడ మీద పడేది అందుకే. అంటే నేల మీద నిలబడి ఆగిపోవడంలో ప్రమాదం లేదు. గాల్లోకి లేచాక ఆగాలనుకోవడంలో ఉంది. ఇంకోటి, తలను ముందే వెనక్కి విసరకండి. ఎత్తు పోతుంది. చూపు ఎదురుగా ఉండగానే లేవాలి.

ఒక్కదూకు
గతిశీల గారు నా మాటే చెప్పారు. లేచాక ఆగకూడదు. అంటే లేచేముందే పూర్తిగా నిర్ణయించుకోవాలి. సగం మనసుతో వెళ్లడమే ప్రమాదం. మెట్లదారి గారి వరుసలన్నీ ఆ సగం మనసును పెంచి పోషిస్తాయి.

మెట్లదారి
సగం మనసు ఉన్నవాడిని దూకెయ్ అని అరిస్తే మనసు పూర్తవుతుందా? కాళ్లు దూకుతాయి, మనసు కిందే ఉంటుంది. గతిశీల గారు చెప్పిన ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌కు జరిగింది గుర్తు తెచ్చుకోండి. 2021లో జట్టు ఫైనల్లో వాల్ట్ (పరుగెత్తి వచ్చి, బల్ల మీద చేతులు ఆనించి గాల్లోకి లేచే అంశం) మీద ఒంటిని రెండున్నర మెలికలు తిప్పాల్సింది, ఒకటిన్నర దగ్గర ఆగింది. గాల్లో తాను ఎక్కడుందో తనకే తెలియలేదు. ఆమె పోటీ నుంచి తప్పుకుంది. వారం తర్వాత బీమ్ (సన్నటి దూలం) మీదకు తిరిగి వచ్చినప్పుడు చివరి దిగుడులో మెలి తిప్పడం తీసేసి మామూలు డబుల్ పైక్ (కాళ్లు చాచి, నడుం దగ్గర వంగి రెండు పల్టీలు) పెట్టుకుంది. కాంస్యం గెలిచింది. ప్రపంచంలో అందరికంటే బాగా చేసే మనిషే ఒక మెట్టు దిగి వచ్చింది.

ఒక్కదూకు
అది భయం కాదు, దిక్కు తెలియకపోవడం. రెండూ ఒకటి కావు. తొలిమొగ్గ గారికి దిక్కు తెలుసు, పిట్‌లో దిగుతున్నారు కదా. పోలిక చెల్లదు. మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌ను చూడండి. చాలామంది జిమ్నాస్ట్‌లు దగ్గరికి కూడా పోని ప్రొదునోవా వాల్ట్‌ను (గాల్లో ముందుకు రెండు పల్టీలు) 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో చేసి నాలుగో స్థానంలో నిలిచింది. భయం పోయేదాకా ఆగి ఉంటే అక్కడికి వెళ్లేదా?

మెట్లదారి
ఆమె ఒకరోజు ఇసుకలో నిలబడి మూడు లెక్కపెట్టి ప్రొదునోవా చేసిందని అనుకుంటున్నారా?

ఒక్కదూకు
మళ్లీ ఆ లెక్క దగ్గరికే వచ్చారు.

వీధిగాలి
ఇద్దరూ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటున్నారు. అడిగినవాళ్లు ఏరి?

తొలిమొగ్గ
ఇక్కడే ఉన్నాను, అన్నీ చదువుతున్నాను. ఈరోజు లెక్కపెట్టి చూశాను. మూడు అనగానే పైకి గెంతాను కానీ మోకాళ్లు లాగలేదు. ఊరికే వెనక్కి వెళ్లి పిరుదుల మీద పడ్డాను. మ్యాట్ ఉంది కాబట్టి ఏమీ కాలేదు. కానీ దడ ఇంకా పెరిగింది.

ఒక్కదూకు
అయితే ఒక చిట్కా. మీ స్పాటర్‌తో విడిగా మాట్లాడండి. చేయి పెట్టినట్టే పెట్టి, మీకు చెప్పకుండా ఏదో ఒకసారి తీసేయమనండి. ఎప్పుడన్నది ఆయన ఇష్టం. సైకిల్ నేర్పేటప్పుడు వెనక సీటు వదిలేస్తారు చూడండి, అలాగే. దిగాక చెప్తారు, చేయి లేదు, నువ్వే చేశావు అని. ఒక్క దెబ్బకు భయం పోతుంది.

మెట్లదారి
వద్దు. తొలిమొగ్గ గారూ, దయచేసి ఆ పని చేయకండి. మీ స్పాటర్ తనంతట తాను అన్నా ఒప్పుకోకండి.

ఒక్కదూకు
ఎందుకు? చేతి మీద బరువే పడటం లేదని ఆయనే అంటున్నారు. చేయి ఉన్నా లేకపోయినా తేడా లేనప్పుడు అబద్ధమాడితే వచ్చే నష్టమేంటి? మీలాంటి జాగ్రత్త మనుషుల వల్లే జనం నేల మీద నిలబడి ముసలివాళ్లవుతున్నారు.

మెట్లదారి
నష్టమేంటో చెప్తాను.

నాకప్పుడు 12 ఏళ్లు. ఇదే బ్యాక్ టక్ (మోకాళ్లు ముడిచి వేసే బ్యాక్‌ఫ్లిప్), ఇదే పరిస్థితి. కోచ్ చేయి ఆనితే చేసేదాన్ని, లేకపోతే లేదు. ఆ రోజు ఆయన, 'పట్టుకునే ఉన్నాను, వెళ్లు' అన్నారు. వెళ్లాను. గాల్లోకి లేచాక నడుం దగ్గర చేయి తగల్లేదు. ఆ తగలకపోవడం నాకు తెలిసిపోయింది. అంతసేపూ దాని కోసమే కదా నా ఒళ్లంతా చూస్తున్నది! వెంటనే ఒళ్లు చాపేశాను. భుజం మీద పడ్డాను, కాలర్ ఎముక విరిగింది. మెడ మీద పడలేదంటే అది అదృష్టం తప్ప నా నైపుణ్యం కాదు.

ఎముక రెండు నెలల్లో అతుక్కుంది. ఆ తర్వాత మూడేళ్లు ఎవరు పట్టుకున్నా నాకు నమ్మకం లేదు. అంతకుముందు వచ్చినవి కూడా పోయాయి. ఆయన చెడ్డవారు కాదు. నేను చేయగలనని నిజంగానే నమ్మారు. చేయి తీసేస్తున్నానని ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆగిపోయేదాన్ని. అంతే జరిగేది, ఆ రోజు పల్టీ రాకపోయేది.

1980 మాస్కో ఒలింపిక్స్‌కు కొద్ది రోజుల ముందు సోవియట్ జిమ్నాస్ట్ ఎలీనా ముఖినా థామస్ సాల్టో అనే కష్టమైన పల్టీ చేస్తూ మెడ విరిగి, మిగతా జీవితమంతా మంచానికి పరిమితమైంది. అప్పటికి విరిగిన కాలు పూర్తిగా మానలేదు. ఆ పల్టీకి తాను సిద్ధంగా లేనని ఆమెకు తెలుసు. ఆమె మాట వినేవాళ్లు లేకపోయారు. ఎవరైనా భయాన్ని పిరికితనం అంటే నాకు ఆమే గుర్తొస్తుంది.

గతిశీల
సైకిల్ పోలిక ఎందుకు చెల్లదో ఇప్పుడు స్పష్టంగా ఉంది. సైకిల్ మీద అనుమానమొస్తే కాలు కింద పెట్టుకోవచ్చు.

ఒక్కదూకు
చాలాసేపు ఏమీ రాయలేదు. మీకు జరిగింది నాకు తెలియదు. ముసలివాళ్లవుతున్నారన్న మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి.

నా వైపు సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో అన్నిటికీ వద్దు అనేవాళ్లు. చెట్టెక్కితే పడతావు, పరుగెడితే పడతావు. ఆ రెండేళ్లు నేను ఎదురుచూసింది భయం పోవాలని కాదు. నువ్వు సిద్ధంగా ఉన్నావు, వెళ్లు అని ఎవరైనా ఒక్కరు అంటారని. ఎవరూ అనలేదు. ఇంకాస్త ఆగు అనేవాళ్లే అందరూ. చివరికి ఎవరినీ అడక్కుండా వెళ్లి చేశాను. అందుకే ఎవరైనా ఇక్కడ ఇంకో మెట్టు, ఇంకో మెట్టు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. మెట్లు ఎక్కించేవాళ్లు పైకప్పు వచ్చిందని కూడా చెప్పాలి కదా.

మెట్లదారి
అది న్యాయమైన మాట. చెప్పని కోచ్‌లు ఉన్నారు. నేనూ ఒకరిద్దరి విషయంలో ఆలస్యం చేశాను.

మనం ఇంతసేపూ మూడు అంకెల మీద కొట్టుకున్నాం. నాకు అసలు బాధ, దూకే క్షణం వేరేవాళ్ల చేతిలో ఉండటం. మీకు బాధ, ఆగే క్షణం వేరేవాళ్ల చేతిలో ఉండటం.

ఒక్కదూకు
అవును. అయినా వరుసకు ఒక గడువు ఉండాలన్నది నా మాట. గడువు లేని జాగ్రత్త కూడా భయమే.

మెట్లదారి
గడువు పెట్టుకునేది నేర్చుకునేవాళ్లే అయితే ఒప్పుకుంటాను. కోచ్ పెట్టే గడువుకు ఒప్పుకోను.

ఒక్కదూకు
అక్కడ మనకు ఎప్పటికీ కుదరదు. కొందరికి బయటి నుంచి ఒక మాట కావాలి. నాకు కావాల్సి వచ్చింది.

చుక్కలగోడ
నా ప్రశ్న కూడా ఎవరైనా చూస్తారా?

మెట్లదారి
క్షమించండి, మీ మాట మధ్యలో పోయింది. జరుగుతుంది, బాగా చేసే పిల్లలకే జరుగుతుంది. బద్ధకమనో పొగరనో ఎవరినీ అననివ్వకండి. ఎదిగే వయసు, కాళ్లూ చేతులూ పొడవైతే పాత కొలతలు ఒంటికి సరిపోవు. తనకు ఇప్పుడు భయం లేకుండా ఏది వస్తుందో అడగండి. వెనక్కి పిల్లిమొగ్గ మాత్రమే వస్తే అక్కడి నుంచే మొదలు. ఎప్పటికి తిరిగొస్తుందని మాత్రం రోజూ అడక్కండి. పాపకు ఆ ప్రశ్నే మోయలేనంత బరువు.

చుక్కలగోడ
రోజూ అడుగుతున్నది నేనే. ఈరోజు నుంచి అడగను.

తొలిమొగ్గ
పది రోజుల తర్వాత రాస్తున్నాను. స్పాటర్‌తో కూర్చుని మాట్లాడాను. ముందు రెండు చేతులు, తర్వాత ఒక చేయి, తర్వాత రెండు వేళ్లు, తర్వాత తాకకుండా పక్కనే చేయి. ప్రతిసారీ లేచేముందు ఏ మెట్టులో ఉన్నామో ఆయన పైకి చెప్పాలి, నేను సరే అనాలి. సరే అనకపోతే ఆ రోజుకు అదే మెట్టు. ఇలా చేద్దామని అడిగినప్పుడు ఆయన ఒక సంగతి చెప్పారు. ఆ మధ్య ఒకసారి నాకు తెలియకుండా చేయి తీసేద్దామని ఆయనకూ అనిపించిందట.

ఒక్కదూకు గారి మాట కూడా పెట్టుకున్నాను. గడువు ఆరు వారాలు. నేనే రాసుకున్నాను.

నిన్న రెండు వేళ్ల దాకా వచ్చాం. లెక్కపెట్టలేదు. మూడు గెంతులు గెంతి, నాలుగోదానికి వెళ్లిపోయాను. కాస్త వెనక్కి తూలాను కానీ కాళ్ల మీదే దిగాను. మ్యాట్ ఇంకా తీయలేదు.

ఒక్కదూకు
మూడు గెంతులు. అంటే మూడు లెక్కపెట్టారు.

మెట్లదారి
గెంతారు. లెక్కపెట్టలేదు.

ఒక్కదూకు
ఆరు వారాలకు మళ్లీ వస్తాను. తొలిమొగ్గ గారూ, అప్పటికి ఇంకా వేళ్లే ఉంటే ఆ మాట ఇక్కడ రాయండి. నేను తిట్టను. మీరు సిద్ధంగా ఉన్నారని మాత్రం ఇప్పుడే చెప్తున్నాను, ఒకవేళ మీకూ ఎవరో ఒకరు అనాల్సి ఉంటే.